హాతింతాయి మా కరీంనగర్ వాడే

(దోహాలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నా తర్వాత పిల్లల కూచిపూడి ఉందని, మేకప్ ఎక్కువసేపు నిలవదని కార్యదర్శిగారు ఇప్పటికే రెండుసార్లు చెవిలో చెప్పారు. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

నేను దోహాకు వచ్చింది 1994లో. అప్పట్లో ఇక్కడ నారింజ, తెలుపు రంగుల టాక్సీలు తిరిగేవి, మీలో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. 1998లో ఒక శుక్రవారం సాయంత్రం నేషనల్ దగ్గర టాక్సీ ఎక్కాను. నడిపేది పెషావర్ వైపు పఠాన్, యాభై దాటినాయన. ఏ ఊరని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. మనమంతా అలాగే చెబుతాం కదా, సొంత ఊరి పేరు చెబితే ఎవరికి తెలుస్తుందిలే అని. ఆయన ఊరుకోలేదు, హైదరాబాద్‌లో ఎక్కడ అన్నాడు. చివరికి కరీంనగర్ అన్నాను. పెద్దాయన వెనక్కి తిరిగి, "అయితే జైరాజ్ ఊరు వాడివి!" అన్నాడు.

నాకు జైరాజ్ ఎవరో తెలియదు. మా ఊరి బస్టాండు దగ్గర టీకొట్టు పెట్టుకున్న జైరాజ్ ఒకాయన ఉన్నాడు గానీ, పెషావర్ దాకా పేరు పాకేంత మనిషి కాడాయన. "హాతింతాయి జైరాజ్!" అని స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు డ్రైవర్. తను కువైట్‌లో పనిచేసినప్పుడు ఆ సినిమా కేసెట్ అద్దెకు తెచ్చి క్యాంపంతా కలిసి ఎన్నోసార్లు చూశారట. మహమ్మద్ రఫీ పాడిన ప్రార్థన పాట వచ్చినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదట. ఇంత చెప్పి, "నీ ఊరి మనిషి నీకు తెలియదా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు. నేను దిగేటప్పుడు చిల్లర తీసుకోకుండా వచ్చేశాను, సిగ్గుతో.

ఆ రోజు నుంచి ఆ పేరు వెంట పడ్డాను. నేను పండితుణ్ణి కాను, డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. పాత సినిమాలు చూసి, దొరికింది చదివి కూడబెట్టుకున్నదే ఈ మాటలు.

పైడి జైరాజ్ 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టారు. సరోజినీ నాయుడుగారి కుటుంబానికి బంధువులని చెబుతారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. 1929లో, అంటే ఇరవై ఏళ్ళ వయసులో, బొంబాయి వెళ్ళిపోయారు. అప్పటికి హైదరాబాద్ నుంచి బొంబాయికి వాడి జంక్షన్ మీదుగా రైలు ఉంది. ఈ హాల్లో ఎంతమందిమి ఆ దారిలోనే బొంబాయి చేరి, ఏజెంటు గదిలో నేల మీద పడుకుని వీసా కోసం ఎదురు చూశామో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. ఆ దారి మనకంటే పాతది. బొంబాయిలో కామాటిపురా అనే పేటకు ఆ పేరు వచ్చిందే మన తెలంగాణ నుంచి మట్టిపనికి వెళ్ళిన కామాటీల వల్ల. సిరిసిల్ల పద్మశాలీలు భివండీ మగ్గాల మీదికి వెళ్ళిందీ ఆ వైపే. మా తాత కూడా బొంబాయి మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు పేరేమిటో మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

జైరాజ్ వెళ్ళేటప్పటికి సినిమాలు మాట్లాడవు. మూకీల కాలం. 1929లో వచ్చిన 'జగ్‌మగ్తీ జవానీ' ఆయన మొదటి సినిమా. తర్వాత వరసగా పది దాకా మూకీల్లో నటించారు. వాటిని చూద్దామని బయలుదేరితే నాకు ఒక్కటీ దొరకలేదు. మన దేశంలో 1,300 పైచిలుకు మూకీలు తీస్తే నేటికి మిగిలినవి ముప్పై దాకా మాత్రమే అంటారు. ఆ రీళ్ళకు మంటలంటుకునే గుణం ఎక్కువ. కాలిపోనివి కరిగిపోయాయి, కొన్నిటిని అందులోని వెండి కోసం అమ్ముకున్నారు. ఒక మనిషి మొదటి నాలుగేళ్ళ కష్టం అలా పోయింది. మనలో తొలి వీసా మీద కొన్నేళ్ళు చాకిరీ చేసి, కంపెనీ మూతబడి, సర్వీసు సర్టిఫికెట్ కూడా లేకుండా మిగిలినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

1931 మార్చిలో 'ఆలం ఆరా' వచ్చింది, సినిమాకు మాట వచ్చింది. ఆ సినిమాలో చిన్న వేషం వేసిన ఏలూరు వైపు కుర్రాడొకరున్నారు. ఆయనే తర్వాత మన ఎల్.వి. ప్రసాద్‌గారు. మాట రావడంతో మూకీ తారల్లో చాలామంది ఇంటి దారి పట్టారు. ముఖం బాగున్నా ఉర్దూ పలకడం రానివాళ్ళకు పని లేకుండా పోయింది. తెలుగు ఇంట్లో పుట్టిన మన జైరాజ్ మాత్రం నిలబడ్డారు.

ఎలా నిలబడ్డారు? ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నిజాం రాజ్యంలో ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ. తెలుగు పిల్లవాడు బడిలో అలీఫ్, బే దిద్దుకోవాల్సిందే. మన భాషకు అందువల్ల జరిగిన అన్యాయం గురించి పెద్దలు ఎంతో రాశారు, అది నిజమే. కానీ మనకు మీద రుద్దిన ఆ భాషే ఈ కుర్రాడికి బొంబాయిలో అన్నం పెట్టింది. నేను ఇంటర్ చదువుకి కోస్తా వైపు వెళ్ళినప్పుడు, నా మాటలో దొర్లే ఉర్దూ ముక్కలకు క్లాసంతా నవ్వేది. "నీది తురక తెలుగురా" అనేవారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు నా ప్రాణమిత్రులు, ఒకాయన ఈ హాల్లోనే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. దోహాలో దిగిన మొదటి నెలలో ఆ ఉర్దూ ముక్కలే నన్ను కాపాడాయి. ఫోర్‌మన్ పాకిస్తానీ, స్టోర్ కీపర్ బంగ్లాదేశీ, పక్క మంచం బీహారీ. పాపం మా మిత్రుడు మాత్రం ఆరు నెలలు సైగలతోనే కాలం గడిపాడు, అచ్చం మూకీ హీరోలాగా.

టాకీల్లో జైరాజ్ పెద్ద హీరో అయ్యారు. 1938లో బాంబే టాకీస్ వారి 'భాభీ'లో ఆయనే హీరో, దర్శకుడు జర్మన్ దేశస్థుడు ఫ్రాంజ్ ఆస్టెన్. ఇప్పటి హీరోల్లాగా సినిమాకు ఇన్ని కోట్లని కాదు, ఆ రోజుల్లో స్టూడియోల్లో నటులు నెల జీతగాళ్ళు. ఒకటో తారీఖు కోసం వాళ్ళూ ఎదురు చూసినవాళ్ళే.

1943లో 'హమారీ బాత్' అని ఒక సినిమా వచ్చింది. హీరోయిన్ దేవికారాణి, హీరో జైరాజ్. దేవికారాణి బెంగాలీ అయినా పుట్టింది మన వాల్తేరులో. అంటే వాల్తేరులో పుట్టిన హీరోయిన్, కరీంనగర్‌లో పుట్టిన హీరో, ఇద్దరూ కలిసి బొంబాయిలో హిందీలో ప్రేమించుకున్నారు! నటిగా ఆమెకదే ఆఖరి సినిమా. తర్వాత బాంబే టాకీస్ వారికే జైరాజ్ ఒక సినిమాకు దర్శకత్వం వహించారు. 1945లో వచ్చిన 'ప్రతిమ'. అందులో హీరో అప్పుడప్పుడే అడుగుపెట్టిన కొత్త కుర్రాడు, అతనికది రెండో సినిమా. ఆ కుర్రాడి పేరు దిలీప్‌కుమార్. దిలీప్‌కుమార్ అంటే ఈ దోహాలో ఏ దేశం వాడినడిగినా లేచి నిలబడతాడు. ఆయన్ను రెండో సినిమాలో నడిపించినవాడు మా ఊరివాడని నాకు నలభై ఏళ్ళు దగ్గరపడేదాకా తెలియదు.

1946లో కర్దార్ తీసిన 'షాజహాన్' మీలో పాటల పిచ్చి ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. సైగల్ పాటలన్నీ చెప్పుకుంటారు, నౌషాద్ బాణీలు చెప్పుకుంటారు. అందులో షిరాజీ అనే శిల్పిగా వేసింది జైరాజ్. ఆ సినిమా పేరెత్తితే ఆయన పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. సైగల్ పక్కన ఎవరుంటే మాత్రం ఎవరికి కనబడతారు లెండి.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఒకటి నన్ను చాలా కదిలించింది. 1951లో సొంతంగా 'సాగర్' అనే సినిమా తీశారు. నర్గీస్, భారత్ భూషణ్ నటించారు. కథకు ఆధారం టెన్నిసన్ రాసిన 'ఈనాక్ ఆర్డెన్' అనే ఇంగ్లీషు కావ్యం. అందులో ఒక నావికుడు సంపాదన కోసం భార్యాపిల్లల్ని వదిలి ఓడెక్కుతాడు. ఓడ మునిగి ఏ దీవిలోనో చిక్కుకుపోతాడు. ఏళ్ళ తర్వాత ఎలాగో ఊరు చేరితే, అతను పోయాడనుకుని భార్య మరొకరిని పెళ్ళి చేసుకుని ఉంటుంది. కిటికీలోంచి ఆ ఇంటిని, వెలుతురులో కూర్చున్న పిల్లల్ని చూసి, పలకరించకుండానే వెనక్కి వెళ్ళిపోతాడు.

సినిమా ఆడలేదు, డబ్బు పోయింది. వ్యాపారం తెలిసినవాళ్ళు "ఆ కథ ఎందుకు ఎంచుకున్నావయ్యా" అని ఉంటారు. నేను అనను. రెండేళ్ళకు నా మొదటి సెలవు దొరికి ఊరికి వెళ్ళినప్పుడు, గుమ్మంలో మా పెద్దమ్మాయి నన్ను చూసి లోపలికి పరుగెత్తి, "అమ్మా, ఎవరో వచ్చిండ్రు" అంది. పెట్టె నిండా చాక్లెట్లు తెచ్చాను. రెండు రోజుల దాకా తీసుకోలేదు. ఇవాళ ఆ అమ్మాయికి ఇద్దరు పిల్లలు. ఫోన్ చేసి "బాపూ, ఎప్పుడొస్తవ్" అని అడుగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళకే ఇల్లు వదిలిన మనిషి నలభై దాటాక అన్ని కథల్లోనూ ఆ కథనే ఎందుకు ఎంచుకున్నాడో ఆయనే ఎరుగు. నాకు మాత్రం అందులో వింతేమీ కనబడలేదు.

దెబ్బ తిన్నారు కానీ ఆగలేదు. ఇక్కడి నుంచి ఆయన కత్తి పట్టారు. చరిత్ర సినిమాలకు ఆయన ముఖం, ఆ ఎత్తు, ఆ గొంతు సరిగ్గా అతికాయి. అమర్‌సింగ్ రాథోడ్ ఆయనే, టిప్పు సుల్తాన్ ఆయనే. 1960లో 'వీర్ దుర్గాదాస్', 1961లో 'జై చిత్తోడ్'. రాజపుత్రుల పౌరుషమంటే ఉత్తరాది ప్రేక్షకుల కళ్ళముందు మెదిలిన రూపాల్లో ఒకటి కరీంనగర్ రూపం. 1963లో చంద్రశేఖర్ ఆజాద్‌గా వేశారు. అదే ఏడాది గాంధీజీ హత్య మీద విదేశీయులు తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లో ఘనశ్యామ్‌దాస్ బిర్లాగా కనిపించారు. అందరి చరిత్రలకూ ఆయన ముఖం అరువిచ్చారు. మన తెలుగు తెర మీద మాత్రం హీరోగా ఒక్కసారీ కనబడలేదు. మద్రాసు వాళ్ళు పిలవలేదా, ఆయనే వెళ్ళలేదా అని తగవు పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక హాతింతాయి సంగతి. 1956లో హోమీ వాడియా తీశారు, షకీలా హీరోయిన్, ఎస్.ఎన్. త్రిపాఠీ సంగీతం. అప్పటికి జైరాజ్‌కి నలభై ఏడు. రాక్షసులు, పరీలు, మంత్రాలు, ఒక ప్రశ్నకు జవాబు తెస్తే మరో ప్రశ్న, అలా ఏడు ప్రశ్నలు. మన విఠలాచార్య గారి సినిమాలకు పెద్దన్న అనుకోండి. కథ పార్సీ, ఉర్దూల్లో తిరిగి తిరిగి మన దేశానికి వచ్చింది కానీ హాతిం నిజంగా ఉన్న మనిషి. ఇస్లాంకు ముందు కాలపు అరబ్బు, తాయి తెగ వాడు, కవి, మహాదాత. మన కర్ణుడు ఎలాగో వీళ్ళకు హాతిం అలాగ. ఇంటికి వచ్చిన అతిథికి పెట్టడానికి ఏమీ లేక తన మేలుజాతి గుర్రాన్నే కోసి వండించాడని కథ చెబుతారు. "అక్రమ్ మిన్ హాతిమ్", అంటే హాతిం కంటే దాత, అని ఇప్పటికీ ఇక్కడ పొగడ్తగా వాడతారు.

మా ఆఫీసులో ఒక ఖతరీ పెద్దమనిషి ఉండేవారు. ఒక రోజు కంప్యూటర్‌లో ఆ పాట పెట్టి చూపించాను. తలపాగాతో, గడ్డంతో జైరాజ్ చేతులెత్తి ప్రార్థిస్తున్నారు. "ఇది మీ హాతిం, వేసింది మా ఊరివాడు" అన్నాను. ఆయన మొదట నవ్వారు, "హిందీ హాతిమా!" అని. తర్వాత నవ్వు ఆపేసి పాట చివరిదాకా చూశారు. చూసి, "మీ ఊళ్ళో ఇతనికి విగ్రహం ఉందా?" అని అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్ళో మాకు పి.వి. పేరు తెలుసు, సినారె పేరు తెలుసు, తెలియాల్సిందే. ఈయన పేరు మాత్రం బడిలో ఏ మాస్టారూ చెప్పలేదు.

పెద్ద వయసులో ఆయన చిన్న వేషాలు వేశారు. 'షోలే'ని మనం దూరదర్శన్‌లో, వీడియోలో, ఇక్కడి క్యాంపు టీవీల్లో ఎన్నిసార్లు చూసి ఉంటాం? అందులో పోలీసు కమిషనర్ ఆయనే. 1978 నాటి 'డాన్'లో జీనత్ అమాన్‌కు పోరాట విద్య నేర్పే దయాల్ ఆయనే, అప్పటికి అరవై ఎనిమిది. ఒకప్పటి మహారాణా ప్రతాప్ అలా రెండు సీన్ల వేషాలకు దిగాడని జాలిపడేవాళ్ళున్నారు. నాకు జాలి లేదు. పని ఉన్నంతకాలం ఉదయం లేచి పనికి వెళ్ళిన మనిషి ఆయన. మనమూ చేస్తున్నది అదే కదా.

1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకు వచ్చింది. ఆ అవార్డు మొట్టమొదట, 1969లో, అందుకున్నది దేవికారాణి. తెలుగువారిలో 1974కు బి.ఎన్. రెడ్డిగారి తర్వాత జైరాజే. ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్‌గార్లు ఆయన తర్వాతి వాళ్ళు. ఈ వరసలో మిగతా ఆరుగురి పేర్లూ మన పిల్లలు కూడా గబగబా చెబుతారు. కిందటిసారి ఇదే వేదిక మీద క్విజ్ పెడితే, ఏడో పేరు దగ్గర ఆగిపోయారు. వాళ్ళ తల్లిదండ్రులు కూడా ఆగిపోయారనుకోండి.

2000 ఆగస్టు 11న ఆయన బొంబాయిలో కన్నుమూశారు. తెలంగాణ వచ్చాక హైదరాబాద్ రవీంద్రభారతిలో ఒక చిన్న సినిమా హాలుకు పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ అని పేరు పెట్టారు. సెలవుకు వెళ్ళినప్పుడు వెళ్ళి చూశాను. గుమ్మం దగ్గర పేరు చదువుకుని కాసేపు నిలబడ్డాను. ఆ ఖతరీ పెద్దాయన అప్పటికే రిటైరైపోయారు, లేకపోతే ఫోటో తీసి పంపేవాణ్ణి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సనయ్యలో శుక్రవారాలు కొందరు కుర్రాళ్ళకు ఇంగ్లీషు, ఫారాలు నింపడం నేర్పుతుంటాను. అందులో సిరిసిల్ల కుర్రాడొకడున్నాడు. తాత బొంబాయి మిల్లు, నాయన భివండీ సాంచాలు, ఇతను దోహా. మూడు తరాలు, మూడు ఊళ్ళు, ముగ్గురికీ పూట గడిపింది ఇంటి భాష కాని భాషే. ఇతనికి ఫోన్‌లో 'హాతింతాయి' చూపించాను. చాలాసేపు చూసి, "అన్నా, గీయన మనోడా? మరి గింత మంచిగ ఉర్దూ ఎట్ల మాట్లాడుతుండు?" అన్నాడు. "నువ్వెట్ల మాట్లాడుతున్నవ్ రా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మా తాత పేరు గూడ ఎక్కడన్న రాయిస్తరా అన్నా?" అని అడిగాడు.

రాయిస్తానని మాటిచ్చాను. అందుకే బయట బల్ల మీద ఒక రూళ్ళ పుస్తకం పెట్టాం. మీ ఇంట్లో మొట్టమొదట ఊరు దాటినవాళ్ళ పేరు, ఏ ఊరి నుంచి, ఏ ఊరికి, ఏం పని చేశారు, తెలిస్తే సంవత్సరం, తెలుగులోనే రాయండి. రాయడం రాకపోతే చెప్పండి, పక్కన మా అమ్మాయిలు కూర్చుని రాస్తారు. మొదటి పేజీలో మొదటి పేరు పైడి జైరాజ్, కరీంనగర్ నుంచి బొంబాయి, 1929, నటుడు. రెండో పేరు ఆ కుర్రాడి తాతది. మూడో గీత మా తాతది, మిల్లు పేరు దగ్గర ఖాళీ వదిలాను.

ఇప్పుడు తెర మీద ఆ రఫీ పాట వేస్తారు, ఐదారు నిమిషాలే. ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డది ఆ సిరిసిల్ల కుర్రాడే. లైట్లు తీయమనండి.